ఊడ్పులకు ముందు అరికాళ్లు, గజ్జలు చూసుకోండి

ధవళేశ్వరం నుంచి కాలువలకు నీళ్లు వదిలితే సార్వా ఊడ్పుల హడావుడి మొదలు. ఇక కాళ్లు రోజంతా బురదలోనే. ముల్లు దిగినా, గీసుకున్నా గజ్జల్లో బిళ్ల (లింఫు గ్రంథి వాపు) కడుతుంది. మన డెల్టాలో అయితే వెంటనే ‘ఫైలేరియా అయ్యుంటుందిలే’ అనేస్తాం. చాలాసార్లు ఆ ముల్లు, గీత లాంటి మామూలు కారణమే ఉంటుంది. కానీ మెలనోమా అనే చర్మ క్యాన్సర్ కొందరిలో ముందు బిళ్లగానే బయటపడుతుంది, ఒంటిమీద మచ్చేదీ కనిపించకుండానే. మెలనోమా కేసుల్లో నూటికి సుమారు 3 ఇలాంటివే. మొదట వచ్చిన మచ్చను మన రోగనిరోధక శక్తే చెరిపేసి ఉంటుందని, అప్పటికే కొన్ని క్యాన్సర్ కణాలు బిళ్లల్లోకి చేరిపోయి ఉంటాయని డాక్టర్లు భావిస్తున్నారు.

అందుకే బురదలో దిగకముందే, పగటి వెలుతురులో అరికాళ్లు, వేళ్ల సందులు చూసుకోండి. మనలాంటి చామనఛాయ వాళ్లకు ఈ జబ్బు ఎండ తగిలే చోట కంటే అరికాళ్లలో, అరచేతుల్లో, గోళ్ల కిందే ఎక్కువగా కనిపిస్తుంది. బొటనవేలి గోరు నల్లబడిందా? దెబ్బ తగిలి కట్టిన రక్తమైతే గోరు పెరిగేకొద్దీ ముందుకు జరిగిపోతుంది. నల్ల చార కదలకుండా వెడల్పవుతున్నా, గోరు మొదట్లో చర్మానికి పాకినా ఆలస్యం చేయకుండా చర్మ డాక్టరుకు చూపించండి.

గజ్జలు, చంకలు, మెడ కూడా తడిమి చూసుకోండి. పుండు మానాక రెండు మూడు వారాల్లో బిళ్ల తగ్గాలి. తగ్గకుండా, నొప్పి లేకుండా గట్టిపడుతుంటే సూది పరీక్ష (బిళ్లలోంచి సూదితో కణాలు తీసి చూడటం) అడగండి. ఫైలేరియా ఉందని తేలినా సరే, తగ్గని బిళ్లను వదిలేయొద్దు.

పుట్టుమచ్చలకు సున్నం, సోడా పెట్టి కాల్చుకోవడం దయచేసి మానేయండి. తీయించుకుంటే ఆ ముక్కను బయాప్సీకి పంపమనండి. ఎప్పుడో కాల్చుకున్న, దానంతటదే మాయమైన మచ్చ ఉంటే డాక్టరుకు తప్పక చెప్పండి.

మెలనోమా అని తేలితే మొదటి మచ్చ కోసం తల మాడు నుంచి కళ్లు, నోరు, మర్మస్థానాల దాకా వెతుకుతారు, స్కాన్లు తీస్తారు. మచ్చ దొరకలేదని వైద్యం ఆగదు. జబ్బు బిళ్లల వరకే ఉంటే, మచ్చ దొరికినవాళ్లకు తీసిపోకుండా వీళ్లూ కోలుకుంటున్నారు. కాకినాడకైనా, విశాఖకైనా వెళ్లేటప్పుడు రిపోర్టులొక్కటే చాలవు, సూది పరీక్ష స్లైడ్లు, బయాప్సీ బ్లాకు (మైనంలో భద్రపరిచిన ముక్క) కూడా అడిగి తీసుకెళ్లండి.