స్లో మోషన్ వీడియోలో కాలం లెక్క సరిచేసిన తీరు

కింద పడుతున్న బంతి స్లో మోషన్ వీడియోను ట్రాకింగ్ సాఫ్ట్‌వేర్‌లో (ప్రతి ఫ్రేములో వస్తువు ఎక్కడుందో గుర్తించి వేగం, త్వరణం లెక్కగట్టేది) పెడితే గురుత్వ త్వరణం 0.15 మీ/సె² అని వచ్చింది. రావలసింది 9.8. వీడియోలో దూరాన్ని మీటర్లలోకి మార్చే స్కేలు గీత సరిగ్గానే ఉంది, గుర్తులూ బంతి నడిమధ్యనే పడ్డాయి. ఇక మిగిలింది కాలమే. ఫోను సెకనుకు 240 ఫ్రేములు తీసి, ఫైలులో 30 అని రాసింది. కాలం 8 రెట్లు సాగింది. త్వరణంలో కాలం వర్గంగా వస్తుంది కనుక విలువ 64వ వంతుకు పడిపోయింది. క్లిప్ సెట్టింగుల్లో 240 అని మార్చగానే దారికొచ్చింది.

అయినా వేగం గ్రాఫు రంపపు పళ్లలా ఉంది. ఫ్రేముల మధ్య వ్యవధి సమానంగా లేదు. వీడియోను స్థిర ఫ్రేమ్ రేటుకు, అంటే ఫ్రేముల వ్యవధి అంతటా ఒకటే ఉండేలా, మార్చడం నాకు నచ్చదు: ఖాళీలను పక్క ఫ్రేము నకలుతో నింపితే బంతి గాలిలో ఆగినట్టు కనిపిస్తుంది. అందుకే వీడియో ఫైలు వివరాలు చూపే ఎఫ్ఎఫ్‌ప్రోబ్ అనే సాధనంతో ప్రతి ఫ్రేము సమయాన్ని తీసి, 8తో భాగించి, వేగాన్ని స్ప్రెడ్‌షీట్‌లో కట్టాను. గీత నున్నగా వచ్చింది.