వెండి మట్టితో రోజూ పెట్టుకునే లాకెట్ తయారీ

వెండి మట్టి, అంటే మెటల్ క్లే, మెత్తని పొడిగా చేసిన వెండిని నీటితోను, మంటలో కాలిపోయే జిగురుతోను కలిపిన ముద్ద. జపాన్‌కు చెందిన మిత్సుబిషి మెటీరియల్స్ సంస్థ 1990ల తొలినాళ్లలో దీనిని వెలుగులోకి తెచ్చింది. కాల్చినప్పుడు జిగురు పోయి, వెండి రేణువులు కరగకుండానే ఒకదానితో ఒకటి అతుక్కుంటాయి. మామూలు రకంలో చివరికి మిగిలేది 99.9 శాతం మేలిమి వెండి. మేలిమి వెండి మెత్తనిది కాబట్టి, రోజూ ఒంటిమీద ఉండే నగకు తగిన మందం ఉండాలి, అది లోపలి దాకా కాలాలి.

కాలిన నగ రకాన్ని బట్టి సుమారు 8 నుంచి 15 శాతం వరకు కుదించుకుపోతుంది కనుక, బొమ్మను ఆ మేరకు పెద్దదిగా గీసుకోవాలి. ఉంగరమైతే రెండు మూడు సైజులు పెద్దదిగా చేయాలి. మొదటి ప్రయత్నానికి మాత్రం ఉంగరం కన్నా లాకెట్ మేలు, ఎందుకంటే కొలత కాస్త తప్పినా నగ వృథా కాదు.

ప్యాకెట్ విప్పగానే మట్టి ఆరిపోవడం మొదలవుతుంది కాబట్టి పనిముట్లన్నీ ముందే సిద్ధంగా ఉంచుకుని, చేతులకు, ముద్దను పరిచే గుండ్రటి కర్రకు నూనె పలుచగా రాసుకోవాలి. అల్యూమినియం వెండి మట్టిని పాడుచేస్తుంది. ఆ రేకును, పళ్లేన్ని దగ్గరికి రానీయకూడదు. ముద్దకు రెండు పక్కలా నాలుగేసి పేక ముక్కలు పేర్చి, వాటిమీదుగా కర్రను దొర్లిస్తే సుమారు 1.2 మిల్లీమీటర్ల మందంలో సమంగా పరుచుకుంటుంది. ఆకృతిని కోసి, గొలుసు కోసం రంధ్రాన్ని అంచుకు మరీ దగ్గరగా కాకుండా చేయాలి. రోజువారీ రాపిడికి ముందుగా అరిగి తెగేది ఆ సన్నటి అంచే.

తరువాత పూర్తిగా ఆరనివ్వాలి. నేను తొందరపడి కాల్చిన ఒక లాకెట్ లోపలి తడి ఆవిరై, నడిమధ్యన పొక్కి పగిలింది. అప్పటి నుంచి గోరువెచ్చని ముక్కను అద్దంమీద కొన్ని క్షణాలు ఉంచి తీసి చూస్తున్నాను. అద్దంపై ఆవిరి మచ్చ పడితే ఇంకా తడి ఉన్నట్టే.

నా దృష్టిలో అసలు పనితనమంతా ఈ ఆరిన దశలోనే ఉంది. ఇప్పుడు ఉప్పు కాగితంతో రెండు నిమిషాల్లో పోయే గీత, కాలిన తరువాత ఆకురాయితో అరగంట రాసినా పోదు. ఆరిన ముక్క బిస్కెట్‌లా పుటుక్కున విరుగుతుంది కాబట్టి, కింద వేలు ఆనించి అంచులను గుండ్రంగా రుద్దాలి. పదునైన మూలలు బట్టలకు తగులుకుంటాయి. పగుళ్లలో నీళ్లతో పలుచన చేసిన మట్టిని నింపి మళ్లీ ఆరబెట్టాలి. రాలిన పొడి కూడా వెండే కనుక కాగితంమీద పట్టి దాచుకోవాలి, ఆ పొడి ముక్కులోకి పోకుండా మాస్కు పెట్టుకోవాలి.

సన్నని మంటను చిమ్మే గ్యాస్ టార్చితో కాల్చగలిగేది 25 గ్రాముల లోపు చిన్న నగలనే. గాలి ఆడే గదిలో, వెలుతురు కాస్త తగ్గించి, మంటకు తట్టుకునే అగ్గి ఇటుకమీద ముక్కను ఉంచి మంటను గుండ్రంగా తిప్పాలి. మొదట పొగ, చిన్న మంట వస్తాయి. ఆపైన ముక్క తెల్లబడి, క్రమంగా లేత నారింజ రంగులో వెలుగుతుంది. అక్కడి నుంచి గడియారం చూసి కనీసం రెండు నిమిషాలు, ముక్క పెద్దదైతే మరికాసేపు, ఆ రంగును నిలపాలి. పైభాగం అద్దంలా తళుక్కుమంటే వెండి కరగబోతున్నట్టు. వెంటనే మంటను దూరం జరపాలి. మేలిమి వెండి సుమారు 962 డిగ్రీల సెల్సియస్ వద్ద కరుగుతుంది. ఉంగరాలకు మాత్రం విద్యుత్ కొలిమే మంచిది. ప్యాకెట్‌పై సూచించిన వాటిలో ఎక్కువ వేడిని, ఎక్కువ సమయాన్ని ఎంచుకుంటే బలం పెరుగుతుంది.

చల్లారిన నగ సున్నం పూసినట్టు తెల్లగా ఉంటుంది. అది బూడిద కాదు, గరుకుగా ఉన్న వెండే. సబ్బు నీళ్లలో ముంచిన ఇత్తడి బ్రష్‌తో రుద్దితే వెండి ఛాయ బయటపడుతుంది. నునుపైన ఉక్కు కడ్డీతో ఒత్తి రాస్తే పైపొర గట్టిపడి మెరుపు నిలుస్తుంది. చివరగా రంధ్రంలో వెండి రింగు వేసి, దాని రెండు కొనలు ఖాళీ లేకుండా కలిసేలా పట్టకారుతో నొక్కి, గొలుసుకు ఎక్కించాలి.