80 మీటర్లలో డీఎక్స్ వినపడట్లేదా? ముందు ఇంటి మెయిన్ ఆపి చూడండి

హామ్ రేడియోలో పగలు 40 మీటర్ల బ్యాండ్‌లో చెన్నై, బెంగళూరు వాళ్లతో హాయిగా మాట్లాడతాం. రాత్రి డీఎక్స్ (దూరదేశాల స్టేషన్లు) కోసం 80కి వెళ్తే బుస్సుమనే చప్పుడు తప్ప ఏమీ ఉండదు. వెంటనే లీనియర్ (పవర్ పెంచే యాంప్లిఫైయర్) కొనాలనిపిస్తుంది. ఆ డబ్బు కొన్నాళ్లు జేబులోనే ఉంచండి. ఈ బ్యాండ్లలో మన గొంతు కంటే ముందు మన చెవికే వైద్యం కావాలి.

ఎస్-మీటర్ 8 కిందికి దిగదు

ఎస్-మీటర్ అంటే సిగ్నల్ బలం చూపే ముల్లు. స్టేషన్ లేకపోయినా అది పైనే ఉంటే కారణం చాలాసార్లు ఇంట్లోనే ఉంటుంది. ఎల్‌ఈడీ బల్బు, ఫోన్ చార్జర్, రూటర్ అడాప్టర్, వీటన్నిటి లోపలా రేడియో గోల పుట్టించే స్విచింగ్ సప్లైలే (పవర్ సర్క్యూట్లు). రిగ్‌ని (రేడియో సెట్టుని) 12 వోల్టుల బ్యాటరీకి కలిపి ఇంటి మెయిన్ ఆపండి. ఇన్వర్టర్‌ని కూడా మర్చిపోకుండా ఆపాలి. కరెంటు పోగానే అది మేలుకుని తన గోల మొదలుపెడుతుంది. (ఇంట్లోవాళ్లు సీరియల్ చూసే టైములో మాత్రం ఈ పని పెట్టుకోకండి.)

గోల తగ్గిందంటే దొంగ ఇంట్లోనే ఉన్నాడు. ఎంసీబీలు ఒక్కొక్కటే వేస్తూ మీటర్ చూడండి. మా ఇంట్లో మూడోది వేయగానే ముల్లు 3 నుంచి 8కి ఎగిరింది. వెతికితే దేవుడి గూటికి చుట్టిన లైట్ల దండ, దాని చిన్న అడాప్టర్! అది మార్చాక అయిదు ఎస్-యూనిట్లు దిగింది. యూనిట్‌కి 6 డీబీ (డెసిబెల్స్) లెక్కన 30 డీబీ, అంటే గోల పవర్ వెయ్యి రెట్లు తగ్గినట్టు. 100 వాట్లను లీనియర్‌తో 400 చేస్తే అవతలివాడికి పెరిగేది ఒక్క యూనిట్.

మార్చలేని అడాప్టర్ అయితే దాని వైరుని 31 మిక్స్ (రకం) ఫెరైట్ రింగులో, అంటే గోలని ఆపే అయస్కాంత పదార్థపు ఉంగరంలో, ఎనిమిది, పది చుట్లు తిప్పండి. ఒక్కసారి తగిలించే క్లిప్ ఫెరైట్ 3.5 మెగాహెర్ట్జ్ దగ్గర దాదాపు దండగే. యాంటెన్నా దగ్గర కోయాక్స్‌కి (రిగ్‌కి వచ్చే కేబుల్‌కి) కూడా అలాంటి ఫెరైట్ చుట్ల చోక్ పెట్టండి. లేకపోతే ఇంటి గోలంతా కేబుల్ పైతొడుగు మీదుగా రిగ్‌లోకి వస్తుంది.

మెయిన్ ఆపినా తగ్గకపోతే పక్కింటిదో, వీధి కరెంటు స్తంభానిదో. మీడియం వేవ్‌లో స్టేషన్ లేని చోట పెట్టిన చిన్న ట్రాన్సిస్టర్ పట్టుకుని నడిస్తే తెలిసిపోతుంది. పక్కింటి అడాప్టర్ అయితే ఫిర్యాదు చేయొద్దు, కొత్తది మీరే కొనిచ్చేయండి.

గోల లేదు, కానీ దగ్గరివాళ్లే వినిపిస్తున్నారు

డైపోల్ (మధ్యలో కేబుల్ కలిపే రెండు చేతుల వైరు యాంటెన్నా) ఎత్తు చాలలేదు. 80 మీటర్లకి డైపోల్ పొడవే దాదాపు 40 మీటర్లు. రెండంతస్తుల డాబా మీద 10 మీటర్ల ఎత్తులో కడితే సిగ్నల్ నిటారుగా పైకెళ్లి కొన్ని వందల కిలోమీటర్ల లోపే దిగుతుంది. దూరానికి ఇన్వర్టెడ్ ఎల్ (తలకిందుల ఎల్ ఆకారపు యాంటెన్నా) మేలు. 12 మీటర్ల ఫైబర్ గడ మీదుగా వైరు పైకి తీసుకెళ్లి, మిగిలిన 8 మీటర్లు అడ్డంగా లాగండి. కింద రేడియల్స్ (యాంటెన్నా అడుగు నుంచి నలువైపులా పరిచే వైర్లు) తప్పనిసరి. అవి లేకపోతే పవర్ నేలను వేడి చేయడానికే ఖర్చవుతుంది. డాబా మీద పరిస్తే వాటి చివర్లు పిల్లలకి అందకూడదు, ట్రాన్స్‌మిట్ చేసేటప్పుడు అక్కడ వోల్టేజి ఎక్కువ.

ఇలాంటి నిలువు యాంటెన్నా గోలని కూడా ఎక్కువే పట్టుకుంటుంది. అందుకే వినడానికి పాత డైపోలో, చిన్న లూప్ యాంటెన్నానో విడిగా ఉంచుకోండి.

అన్నీ బాగున్నాయి, అమెరికా రాదు

టైము తప్పింది. పగలు ఆకాశంలోని డీ పొర (అయనోస్ఫియర్ అడుగు పొర) ఈ సిగ్నల్స్‌ని మింగేస్తుంది, పొద్దు గుంకాక కరిగిపోతుంది. డిసెంబర్ రెండో వారంలో హైదరాబాద్‌లో సాయంత్రం 5:40 దాటాక పొద్దు గుంకుతుంది. సరిగ్గా అప్పుడే న్యూయార్క్‌లో తెల్లవారుతుంది. దానికి అటూ ఇటూ కొద్ది నిమిషాలే మీకు అవకాశం. యూరప్ కోసమైతే మన తెల్లవారుజామున లేవాలి. ఏప్రిల్, మే నెలల్లో పిడుగుల చిటపటలకి మందు లేదు, యాంటెన్నా ఊడదీసి పడుకోండి.

ఎఫ్‌టీ8లో అందరూ కనిపిస్తారు, ఎవరూ బదులివ్వరు

ఎఫ్‌టీ8 అంటే కంప్యూటర్‌తో చిన్న సందేశాలు పంపుకునే పద్ధతి. ముందు కంప్యూటర్ గడియారం చూడండి. ఈ పద్ధతి 15 సెకన్ల వంతుల ఆట. ఒకటి రెండు సెకన్లు తేడా వచ్చినా అవతల డీకోడ్ కాకపోవచ్చు.

వాన పడితే ఎస్‌డబ్ల్యూఆర్ పెరుగుతోంది

ఎస్‌డబ్ల్యూఆర్ అంటే యాంటెన్నా వైపు వెళ్లిన పవర్ ఎంత వెనక్కి తిరిగొస్తోందో చెప్పే కొలత. అది వానకి పెరిగితే కనెక్టర్‌లో నీళ్లు. కేబుల్ తొడుగు కోసి చూడండి. లోపలి రాగి అల్లిక నల్లబడి ఉంటే మెరిసే రాగి కనిపించేదాకా కోసేసి కొత్త కనెక్టర్ వేయండి. రబ్బరు టేపు చుట్టి, కేబుల్‌ని కాస్త కిందికి వేలాడేలా వంచి వదిలితే నీళ్లు అక్కడే కారిపోతాయి.