తేమకు రెండు మాటలు, నష్టానికి మూడు

గుంటూరు మిర్చి యార్డు దగ్గర ఒక కమిషన్ కొట్టులో, బయటి రాష్ట్రాల కొనుగోలుదారులకు ఇంగ్లీషు ఉత్తరాలు రాయడం నా పని. ఇంగ్లీషు-తెలుగు నిఘంటువు తెరిస్తే మాయిశ్చర్‌కూ హ్యుమిడిటీకీ ఒకటే అర్థం: తేమ. దాన్నే పట్టుకుని వేలాడితే తేడా ఎన్నటికీ తేలదు. అందుకే అర్థం పక్కన పెట్టి, విద్యార్థుల ఇంగ్లీషు-ఇంగ్లీషు నిఘంటువులో ఉదాహరణ వాక్యాలు మాత్రమే చదివాను. మాయిశ్చర్ కాయలో, మట్టిలో, గోడలో ఉంటుంది. హ్యుమిడిటీ గాలికి సంబంధించింది. కోల్డ్ స్టోరేజీలో హ్యుమిడిటీ పెరిగితే తేజ రకం మిరపకాయలో మాయిశ్చర్ పెరుగుతుంది. రెండూ ఒకే వాక్యంలో ఇమిడాక ఇక తడబాటు లేదు.

నష్టం దగ్గర చిక్కు ఎక్కువ. డ్యామేజ్ సరుకుకు జరిగే చెరుపు, లాస్ చేజారిన డబ్బు. డ్యామేజెస్ అని బహువచనం చేశారో, అది కోర్టు ఇప్పించే పరిహారం! వానకు తడిసిన టిక్కీల (మిర్చి బస్తాల) గురించి మర్యాదగా రాసిన ఉత్తరం కాస్తా లాయరు నోటీసులా వినిపిస్తుంది.

బారో (అప్పు తీసుకోవడం), లెండ్ (అప్పు ఇవ్వడం) అంత కష్టపెట్టవు. మొదటిదాని వెనక ఫ్రమ్, రెండోదాని వెనక టు వస్తాయి. ఆ జతతోనే నోటుబుక్కులో రాసుకుంటే చాలు.