పాత చాపర్‌ని బాగుచేద్దాం - 3వ పాఠం: తూకం గుండు, సుద్దముక్క

పోయిన పాఠంలో బండి కడిగి, ఫొటోలు తీసి, ఊడదీసిన ప్రతి నట్టునీ డబ్బాల్లో సర్దాం. ఈసారి రించీ పట్టుకునే పనే లేదు. కొలతలే. విసుగు పుట్టి ఈ పాఠం దాటేశారంటే తర్వాత చేసిన పనంతా మళ్లీ ఊడదీయాల్సి వస్తుంది. నేను అలా దాటేసే రెండుసార్లు రంగు పాడుచేసుకున్నాను.

మన బండి సంగతి గుర్తుంది కదా. పాత కాస్టైరన్ బుల్లెట్ 350. ఎవరో ఎప్పుడో ముందు ఫోర్కు, అంటే ముందు చక్రాన్ని పట్టుకునే రెండు కాళ్లు, పొడుగు చేయించి చాపర్ (ముందు చక్రం దూరంగా చాచుకుని ఉండే బండి) అనిపించారు. దాన్ని మొదటిసారి విజయనగరం తెచ్చిన రోజు గంటస్తంభం దగ్గర తిప్పబోతే హ్యాండిల్ దానంతట అదే ఓ పక్కకి పడిపోయింది. షెడ్డులో మేస్త్రీ ఒక్క చూపు చూసి, "ఏటి బాబూ, ఈ బండి కాళ్లు సాపుకొని కూకుంది?" అన్నాడు. రోగం సరిగ్గా అదే. ఎంత చాపుకుందో కొలవాలి.

రెండు మాటలు తెలిస్తే చాలు. హ్యాండిల్ తిరిగే ఇరుసు, అంటే ఛాసిస్ మెడలో కోన్ సెట్ (హ్యాండిల్ తిరగడానికి గోలీలతో ఉండే బేరింగు) కూర్చునే గొట్టం, నిలువు నుంచి ఎంత వెనక్కి వాలిందో అది రేక్. ఆ ఇరుసు గీతని అలాగే నేల దాకా పొడిగిస్తే ఒక చోట తాకుతుంది. టైరు నేలని తాకే చోటు దానికి కాస్త వెనక ఉంటుంది. ఆ రెంటి మధ్య దూరం ట్రెయిల్. సామాను తోపుడుబండి చిన్న చక్రం ఎటు తోస్తే అటు సర్దుకుని వెనకే వస్తుందే, ట్రెయిల్ చేసే పని అదే.

ఇక కొలవండి. మట్టంగా ఉన్న సిమెంటు నేల కావాలి. టైర్లలో గాలి సరిచూడండి. సెంటర్ స్టాండు వేయొద్దు. ఒకరు బండిమీద కూర్చుని నిటారుగా పట్టుకోవాలి, ముందు చక్రం తిన్నగా ఉండాలి. తాపీమేస్త్రీ దగ్గర తూకం గుండు అడిగి తెచ్చుకుని, ముందు యాక్సిల్ నడిమధ్య నుంచి వదలండి. గుండు ఊగడం ఆగాక నేలమీద సుద్దతో గీత పెట్టండి. తర్వాత తిన్నని అల్యూమినియం తలుపు చానెల్ ఒకటి తీసుకుని మెడ పక్కన ఆనించండి. పై కోను మధ్య, కింది కోను మధ్య రెండూ దాని అంచుకి సరిపడాలి. చానెల్ నేలని తాకిన చోట రెండో గీత. రెండు గీతల మధ్య టేపు పెడితే ట్రెయిల్. అదే చానెల్ మీద ఫోన్‌లో మట్టం చూపే యాప్ పెడితే రేక్ కూడా తెలిసిపోతుంది.

అందరూ చేసే తప్పు, చానెల్‌ని ఫోర్కు కాళ్లకి ఆనించడం. కాళ్లు ఇరుసుకి ముందు ఉంటాయి. కొలవాల్సింది ఇరుసు.

నా బండికి రేక్ 38 డిగ్రీలు, ట్రెయిల్ 178 మి.మీ. వచ్చింది. నమ్మకం కుదరక కాగితం మీద కూడా చూశాను. చక్రం సగం ఎత్తు 325 మి.మీ., ఇరుసు గీత నుంచి యాక్సిల్ 60 మి.మీ. ముందుకి. 325ని 38 డిగ్రీల సైన్‌తో గుణించి, అందులోంచి 60 తీసేసి, వచ్చినదాన్ని 38 డిగ్రీల కొసైన్‌తో భాగిస్తే అదే 178. రేక్ 27 డిగ్రీలే ఉంటే ఇదే లెక్కకి 98 వస్తుంది. మామూలు రోడ్డు బండ్లకి ఉండేది ఇంచుమించు అంతే. 178తో హైవే మీద బాణంలా పోతుంది, సందులో మాత్రం చక్రం తిప్పగానే ముందుభాగం కిందికి దిగి హ్యాండిల్‌ని లాగేస్తుంది. 27 డిగ్రీల బండితో పోలిస్తే ఆ లాగుడు రెట్టింపుకి మించి పెరిగింది.

మెడ కోసి అతికారా, లేక ఫోర్కు పొడుగు వల్లే వాలిందా? పక్కింటి బాబాయిగారి బుల్లెట్ అడిగి తెచ్చుకుని రెండూ పక్కపక్కన పెట్టాను. ఆయన బండికి రేక్ 27, సిలిండరు నిలువుగా ఉంది. నా బండి సిలిండరు 11 డిగ్రీలు వెనక్కి పడుకుంది. 27కి 11 కలిపితే 38. అంటే మెడని ఎవరూ ముట్టుకోలేదు, ముందు ఎత్తు పెరిగి బండి మొత్తం వెనక్కి వాలిందంతే. కార్బరేటర్‌లోంచి పెట్రోలు ఎందుకు కారుతోందో కూడా అప్పుడే తెలిసింది, ఫ్లోటు గిన్నె వాలిపోతే మట్టం ఎలా నిలుస్తుంది?

ఆ పొడుగు ఎలా వచ్చిందో చూద్దామని పై నట్లు విప్పాను. గుండె జల్లుమంది. అసలు గొట్టాల మీద అడుగు పొడుగు నీళ్ల పైపు ముక్కలు బిగించారు. చేత్తో తిప్పితే నాలుగు చుట్లకే ఊడి వచ్చేసింది. ఆ నాలుగు మరల మీదే నేను సాలూరు దాకా వెళ్లొచ్చాను! విజయనగరం పైడితల్లి జాతరలో సిరిమాను చూసినవాళ్లకి వేరే చెప్పక్కర్లేదు. పూజారి కూర్చునేది మాను చివర, బిగువంతా పడేది మొదట్లో బండికి కట్టిన చోట. ఫోర్కు ఎంత పొడుగైతే గుంటలో పడిన దెబ్బ అంత పెద్దదై మెడ దగ్గరికి వస్తుంది. అక్కడ అతుకు ఉండకూడదు. మీ బండిలో ఇలాంటి అతుకు కనిపిస్తే ఈ రోజే తీసి పాత ఇనుములో వేయండి.

ట్రెయిల్ తగ్గించడానికి ఇంకో దారీ ఉంది. కాళ్ల కోణాన్ని ఇరుసు కంటే 3 డిగ్రీలు ఎక్కువ వాల్చే టీలు (ఫోర్కు కాళ్లని ఇరుసుకి కలిపి పట్టుకునే పై, కింది పట్టీలు) వేస్తే, 800 మి.మీ. ఫోర్కుకి ట్రెయిల్ 178 నుంచి సుమారు 125కి దిగుతుంది. వినడానికి బాగుంది. కానీ మోజు పడి ఇంకా వాలుస్తూ పోతే ట్రెయిల్ సున్నా వైపు జారి, వేగంలో హ్యాండిల్ కొట్టుకోవడం మొదలవుతుంది. లేత్ మీద అచ్చంగా రెండు టీలూ ఒకే కోణంలో తీసే చెయ్యి దొరికితే తప్ప నేను ఆ జోలికి పోను.

కాగితాల మాట కూడా. మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ ప్రకారం ఆర్సీలో ఉన్న తయారీ వివరాలకి తేడా వచ్చేలా బండి మార్చకూడదు, 2019 జనవరిలో సుప్రీంకోర్టూ అదే చెప్పింది. 2021లో వచ్చిన వింటేజ్ నిబంధనలు 50 ఏళ్లు దాటి, అసలు రూపంలో ఉన్న బండ్లకే. అందుకే మెడ కోయడం ఈ పాఠాల్లో ఉండదు. ట్యాంకు, సీటు, హ్యాండిల్, వెనక మడ్‌గార్డు, ఇవన్నీ బోల్టు విప్పితే మళ్లీ పాతవి ఎక్కేలా చేద్దాం. ఊడదీసిన అసలు సామాను అమ్మేయకండి.

వచ్చే పాఠానికి మీ రేక్, ట్రెయిల్, సిలిండరు వాలు మూడూ ఒక అట్టముక్క మీద రాసి షెడ్డు గోడకి తగిలించండి. కోన్ సెట్ విప్పుతాం. గోలీలు నేలమీద దొర్లిపోతాయి, కింద పాత లుంగీ ఒకటి పరిచి ఉంచుకోండి.