కార్డు వెనక మూడంకెలు

ఒంగోలు ట్రంకు రోడ్డులో ఒక బట్టల షాపు క్యాష్ కౌంటర్ నాది. చాలామంది కార్డు నా చేతికిచ్చి, వెనక నిలబడ్డవాళ్లందరికీ వినపడేలా పిన్ను కూడా చెప్పేస్తారు. అట్టా వద్దండీ. మిషన్ మీ ముందు పెట్టించుకోండి, అమౌంటు చూసుకోండి, చెయ్యి అడ్డం పెట్టి పిన్ను మీరే కొట్టండి. హోటల్లో కార్డు లోపలికి తీసుకెళ్తామంటే మీరూ వెంట వెళ్లండి. మొహమాటమేం అక్కర్లేదు.

అసలు దొంగకు కార్డుతో పనే లేదు. నంబరు, గడువు తేదీ, వెనకున్న మూడంకెల సీవీవీ దొరికితే చాలు. మన దగ్గర ఆన్‌లైన్లో కొంటే ఓటీపీ అడుగుతారు గానీ, కొన్ని విదేశీ సైట్లు అడగవు. అందుకే బ్యాంకు యాప్‌లో ఇంటర్నేషనల్ వాడకం ఆపెయ్యండి. కార్డును మిషన్‌కు ఆనించి కట్టే ట్యాప్ సౌకర్యం కూడా అక్కడే ఆపొచ్చు. 5,000 రూపాయల దాకా పిన్ను లేకుండానే పోతుంది మరి. సీవీవీ గుర్తుపెట్టుకుని, దానిమీద నల్ల మార్కర్ పూయండి. మా ఆవిడ గోళ్ల రంగు పూసింది, అదీ బాగానే ఆగింది.

కార్డు ఫొటో వాట్సాప్‌లో ఎవరికీ పంపొద్దు, తమ్ముడికైనా సరే. లిమిట్ పెంచుతామని ఫోన్ చేసి ఓటీపీ అడిగితే పెట్టేసి, కార్డు వెనకున్న నంబరుకు మీరే చెయ్యండి.

మీరు కొనని దానికి మెసేజ్ వస్తే వెంటనే యాప్‌లో కార్డు బ్లాక్ చేసి, బ్యాంకుకు చెప్పి కంప్లయింట్ నంబరు రాసుకోండి. ఆ వెంటనే సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్. తెల్లారాక బ్రాంచికి పోదాంలే అనుకోవద్దు.