బాస్ బోటు నేర్చుకుందాం - 3: ప్లేన్ ఎక్కించడం

బాస్ బోటంటే బాస్ అనే చేపల్ని పట్టడానికి కట్టిన మోటారు బోటు. పోయిన పాఠంలో సెకండ్ హ్యాండ్ బోటు ట్రాన్సమ్‌ని, అంటే ఇంజన్ బిగించే వెనక గోడని, ఎలా తట్టి చూడాలో చెప్పుకున్నాం. పాత బోట్లలో ఆ గోడ లోపల ప్లైవుడ్ ఉంటుంది. స్క్రూ రంధ్రంలోంచి నీళ్ళు దిగితే పైకి తెలియకుండా పుచ్చిపోతుంది. మీ బోటు ఆ పరీక్షలో నెగ్గిందనుకుని ఈసారి నీళ్ళలోకి దిగి ప్లేన్ ఎక్కిద్దాం, అంటే నీటిని చీల్చుకుంటూ కాకుండా నీటి మీద జారేలా చేద్దాం.

1948లో లూసియానాలోని ష్రెవ్‌పోర్ట్‌లో హోమ్స్ థర్మండ్ 'స్కీటర్' పేరుతో కట్టిన మొదటి బాస్ బోటు ప్లైవుడ్‌దే. బాస్ బోట్లకి స్పీడు పిచ్చి ఆ తర్వాత వచ్చింది. 1967లో రే స్కాట్ ఆర్కాన్సాలోని బీవర్ లేక్ మీద బాస్ చేపలు పట్టే టోర్నమెంట్ పెట్టాడు. పోటీ అన్నాక మంచి చోటికి ముందు చేరినవాడిదే లాభం కదా! మరుసటి ఏడాది అదే రాష్ట్రంలో ఫారెస్ట్ వుడ్ రేంజర్ అనే బోట్ల కంపెనీ మొదలుపెట్టాడు. ఇప్పుడు 20 అడుగుల ఫైబర్‌గ్లాస్ బోటుకి 250 హార్స్‌పవర్ ఇంజన్, గంటకి 70 మైళ్ళు మామూలైపోయింది. చేపలు పట్టడానికి అంత వేగం ఎందుకంటే నా దగ్గర జవాబు లేదు.

బోటుని నీళ్ళలోకి దించే ర్యాంపు దగ్గర ముందు డ్రెయిన్ ప్లగ్, అంటే బోటులోని నీళ్ళు బయటికి పోయే రంధ్రానికి పెట్టే బిరడా, బిగించి ఉందో లేదో చూసుకోండి. మొదటిసారి నేను మర్చిపోయాను. పాదాలు తడిశాక గాని తెలియలేదు.

ఇక అసలు పని. ఇంజన్ వాలుని పైకీ కిందికీ మార్చే ట్రిమ్ బటన్ నొక్కి ఇంజన్‌ని పూర్తిగా కిందికి దించండి. ముందు ఎవరూ లేరని చూసుకుని థ్రాటిల్‌ని, అంటే వేగం పెంచే మీటని, ఆగకుండా, కుదుపు లేకుండా నెట్టండి. ముక్కు ఆకాశంకేసి లేస్తుంది, కాసేపు ఎదురుగా ఏమీ కనపడదు. ఇక్కడే కొత్తవాళ్ళు టెన్షన్ పడి థ్రాటిల్ వదిలేస్తారు. వదలకండి. కొన్ని క్షణాల్లో ముక్కు దిగి బోటు నీటి మీదికెక్కి జారడం మొదలుపెడుతుంది. ప్లేన్ ఎక్కడమంటే ఇదే. అప్పుడు థ్రాటిల్ కాస్త తగ్గించి, ట్రిమ్ కొద్దికొద్దిగా పైకి తీసుకోండి. స్టీరింగ్ తేలికవుతుంది.

ట్రిమ్ ఎక్కువైతే ముక్కు గుర్రంలా ఎగిరెగిరి పడుతుంది, కొంచెం దించితే సర్దుకుంటుంది. ఎడమా కుడీ ఊగడం మాత్రం ప్రమాదం. వేగం పెరిగేకొద్దీ నీటిని తాకేది అడుగున వెనక ఉండే చిన్న చదును పట్టీ ఒక్కటే, బోటు దాని మీద నిలదొక్కుకోవాలి. ఊగితే స్టీరింగ్‌తో కుస్తీ పట్టకుండా థ్రాటిల్ మెల్లగా తగ్గించండి.

కిల్ స్విచ్ తాడుని లైఫ్ జాకెట్‌కి తగిలించాకే ఇంజన్ స్టార్ట్ చేయాలి. మీరు విసిరేసినట్టు నీళ్ళలో పడితే, ఎవరూ పట్టుకోని స్టీరింగ్ ఒక పక్కకి తిరిగిపోతుంది. బోటు గుండ్రంగా తిరిగి ప్రొపెల్లర్‌తో సహా మీ మీదికే వస్తుంది. తాడు ఊడితే ఇంజన్ ఆగుతుంది. 2021 ఏప్రిల్ 1 నుంచి అమెరికాలో 26 అడుగుల లోపు బోట్లు ప్లేన్ మీద నడిపేటప్పుడు దీన్ని వాడాలని ఫెడరల్ చట్టం కూడా ఉంది.

ఇంకో మాట. నీళ్ళు నిండినా బోటు బోర్లాపడకుండా తేలేలా లోపల ఫోమ్ ఉండాలన్న నిబంధన 20 అడుగుల లోపు బోట్లకే. మీది అంతకంటే పొడవైతే ఫోమ్ ఉందో లేదో కంపెనీ కాగితాల్లో చూసుకోండి.

ఈ వారం హోంవర్క్: బోటు ట్రైలర్ మీద ఉండగానే, కళ్ళు మూసుకుని తాడు తగిలించడం ఇరవైసార్లు చేయండి. వచ్చే పాఠం ఎదురుగాలి, అలలు.